సారీ: నొప్పి ఎవరిది?

ఇంగ్లీషు రానివాళ్ళు కూడా వాడే ఇంగ్లీషు మాటలు ఓ పాతిక ఏరితే అందులో 'సారీ' తప్పకుండా ఉంటుంది. బస్సులో మన కాలు తొక్కినవాడు సారీ అంటాడు. ఫోను ఎవరికో పోతే 'సారీ అండీ, రాంగ్ నంబర్' అంటాం. చిల్లర లేదని చెప్పే కండక్టరూ, గదులు ఖాళీ లేవని చెప్పే లాడ్జి గుమాస్తా, ఆపరేషన్ థియేటర్ తలుపు తోసుకుని బయటికొచ్చి కళ్ళజోడు తీసే సినిమా డాక్టరూ, అందరి నోటా అదే మాట. కాలు తొక్కడానికీ ప్రాణం పోవడానికీ ఒకే మాట సరిపోవడం వింతగా లేదూ? ఇంత తేడా ఉన్న బరువులన్నీ ఒక్క మాట మోస్తోందంటే, ఆ మాట చాలా గట్టిదైనా అయి ఉండాలి, లేదా లోపల ఏమీ మిగలని డొల్లైనా అయి ఉండాలి.

ఆ రెండింట్లో ఏదో తెలియాలంటే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. సారీ అన్నప్పుడు మనం చేస్తున్న పనేమిటి? మన బాధ చెప్పుకుంటున్నామా, మన తప్పు ఒప్పుకుంటున్నామా, ఎదుటివాళ్ళని ఏదైనా అడుగుతున్నామా? ఈ మూడూ ఒకటేనని పైపైన అనిపిస్తుంది. కానీ మనుషుల మధ్యా, కోర్టుల్లోనూ, దేశాల మధ్యా వచ్చే పేచీ అంతా ఈ మూడూ ఒకటి కాకపోవడం వల్లనే.

పుండులోంచి పుట్టిన మాట

ఇంగ్లీషులో శోకానికి 'సారో' అని మాట ఉంది. సారీ దాని చెల్లెలని ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళు కూడా అనుకుంటారు. నిజానికి ఆ రెండిటికీ పుట్టింటి సంబంధం లేదు. సారో అనే మాట పాత ఇంగ్లీషులో దిగులు, చింత అని అర్థమిచ్చే 'సోర్హ్' నుంచి వచ్చింది. జర్మన్ భాషలో ఈనాటికీ చింతని 'జోర్గె' అంటారు. సారీ కథ వేరు. పాత ఇంగ్లీషులో 'సార్' అంటే నొప్పి, గాయం. అదే ఇప్పటి 'సోర్'. గొంతు నొప్పిని 'సోర్ త్రోట్' అంటారే, ఆ సోర్. దానికి విశేషణం 'సారిగ్'. అదే అరిగి అరిగి సారీ అయింది. ఉచ్చారణలో దగ్గరగా ఉండటం వల్ల శతాబ్దాలపాటు పక్కపక్కన తిరిగి ఆ రెండు మాటలూ అక్కచెల్లెళ్ళలా కనిపించడం మొదలుపెట్టాయి. ఈ సోర్‌కి జర్మన్‌లో ఇంకో చుట్టం ఉంది: 'జేర్'. ఇప్పుడు దాని అర్థం 'చాలా' అని మాత్రమే. ఒకప్పుడు 'నొప్పి పుట్టేటంతగా' అని. మనం 'చచ్చేంత ఇష్టం' అంటూ అందులో చావు సంగతి మర్చిపోయినట్టే, వాళ్ళూ నొప్పి సంగతి మర్చిపోయారు.

అంటే 'ఐ యామ్ సారీ' అన్న వాక్యానికి మూలార్థం 'నేను నొప్పితో ఉన్నాను' అని. ఆ వాక్యాన్ని ఒకసారి వ్యాకరణం కళ్ళతో చూడండి. కర్త నేను. చెబుతున్నది నా స్థితి. అందులో మీరు లేరు. తప్పు అన్న మాట లేదు. అడగడం లేదు. 'నాకు జ్వరంగా ఉంది' లాంటి వాక్యం అది.

ఇది పట్టుకుంటే ఆ మాట చుట్టూ అల్లుకున్న నుడికారమంతా సులువుగా విడిపోతుంది. చావు కబురు విన్నవాడు సారీ అంటాడు. చంపింది తను కాదు కదా, ఎందుకంటాడు? తనకీ నొప్పి కలిగిందని చెప్పడానికి. ఎవరినైనా చూసి జాలిపడితే 'ఫీల్ సారీ' అంటారు. అక్కడా ఎదుటివాడి నొప్పి మనకి తగలడమే. 'బెటర్ సేఫ్ దాన్ సారీ' అన్న సామెతలో సారీ అంటే క్షమాపణ అనుకుంటే అర్థం చెడుతుంది. తరవాత ఏడవడం కంటే ముందు జాగ్రత్త మేలు అని దాని భావం. 'యూ విల్ బి సారీ' అని కళ్ళెర్రజేస్తే అది శుద్ధమైన బెదిరింపు. 'నీకు నొప్పి పుట్టిస్తాను' అని. క్షమాపణకీ బెదిరింపుకీ ఒకే మాట పనికొస్తోందంటే, ఆ మాట పునాది ఆ రెండింటిలో ఏదీ కాదు, నొప్పే.

13వ శతాబ్దం నాటికే ఈ మాటకి 'చూస్తే జాలేసేటట్టు ఉన్న', అక్కణ్ణించి 'పనికిమాలిన' అనే అర్థాలు కూడా వచ్చాయి. దివాలా తీసిన స్థితిని 'సారీ స్టేట్' అనీ, అతకని సాకుని 'సారీ ఎక్స్‌క్యూజ్' అనీ అనడం ఇందువల్లనే. షేక్స్పియర్ నాటకంలో రాజుని చంపి వచ్చిన మాక్బెత్, నెత్తురంటిన తన చేతుల్ని చూసుకుని వాడే విశేషణం కూడా ఇదే. అది క్షమాపణ కాదు. క్షమాపణ చెప్పడానికి ఎదురుగా ఉన్నది భార్య. చచ్చినవాడు పక్క గదిలో ఉన్నాడు.

'ఐ యామ్' ఊడిపోయి ఉత్త 'సారీ' మిగలడం 19వ శతాబ్దపు ముచ్చట. కర్త పోయాడు, క్రియ పోయింది, నొప్పి ఒక్కటే మిగిలింది. తరవాత అదీ పోయింది. ఇప్పుడు ఇంగ్లండులో మాట సరిగా వినపడకపోతే 'సారీ?' అని గొంతు పైకెత్తి అడుగుతారు. 1934 నుంచి అక్కడ 'సారీ' పేరుతోనే ఒక ఆట అమ్ముతున్నారు. మన పచ్చీసు వంశానిదే. ఎదుటివాడి కాయని వెనక్కి కొట్టి, నవ్వుతూ సారీ అనడం అందులో సరదా. నొప్పి చెప్పుకోవడానికి పుట్టిన మాట నొప్పి కలిగించి ఆనందించేటప్పటి కేకగా మారడానికి వెయ్యేళ్ళు పట్టింది.

పక్కనే ఉన్న 'అపాలజీ' అనే మాట ఇంకో తమాషా. గ్రీకు భాషలో 'అపొలోగియా' అంటే కోర్టులో ముద్దాయి తన తరఫున చెప్పుకునే సమాధానం. క్రీ. పూ. 399లో ఏథెన్స్ న్యాయస్థానంలో సోక్రటీసు చేసిన ప్రసంగాన్ని ప్లేటో ఆ పేరుతోనే రాశాడు. అందులో సోక్రటీసు ఎవర్నీ క్షమించమనడు సరికదా, తను చేసిన పనికి ఊరివాళ్ళు తనకి ఉచితంగా భోజనం పెట్టాలంటాడు. 'నా తప్పేం లేదు' అని చెప్పే మాట శతాబ్దాలు గడిచేసరికి 'నాదే తప్పు' అని చెప్పే మాటైంది. ఇప్పటికీ చాలా క్షమాపణ ప్రకటనల్లో ఆ పాత వాసన పోలేదని మీరూ గమనించే ఉంటారు.

ఆక్స్‌ఫర్డ్ తత్త్వవేత్త ఆస్టిన్ 1955లో హార్వర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఈ మాటల మధ్య ఉన్న తేడాని చాలా సూక్ష్మంగా పట్టుకున్నాడు. కొన్ని మాటలు ఉన్న సంగతిని చెబుతాయి, కొన్ని మాటలు అనడమే పని చెయ్యడం. 'ఒట్టేస్తున్నాను' అంటే ఒట్టు పడిపోయినట్టే. 'ఐ అపాలజైజ్' ఆ జాతి మాట. 'పశ్చాత్తాపపడుతున్నాను' అనేది మనసులోని సంగతి. మరి 'ఐ యామ్ సారీ'? అది ఈ రెండింటికీ మధ్య అటో కాలూ ఇటో కాలూ వేసి నిలబడింది. అడిగినవాళ్ళకి 'క్షమాపణ చెప్పాను కదా' అనచ్చు. నిలదీసినవాళ్ళకి 'నా బాధ చెప్పుకున్నానంతే' అనచ్చు. దాని బలమూ, దాని మోసమూ ఆ రెండు కాళ్ళలోనే ఉన్నాయి.

మన మాటలకి కర్త మీరు

ఇప్పుడు మన మాటలు చూద్దాం. 'క్షమించండి', 'మన్నించండి', 'తప్పు కాయండి'. మూడింటికీ కర్త మీరు. ఏదో చెయ్యవలసింది మీరు. నా మనసులో ఏముందో వీటిలో ఒక్కటీ చెప్పదు.

క్షమ అంటే ఓర్పు, సహించడం. భూమికి క్షమ అని పేరుంది; తవ్వినా, దున్నినా, తగలబెట్టినా భరిస్తుంది గనక. కాబట్టి 'క్షమించండి' అంటే 'నేను చేసింది భరించండి' అని. మన్నించడంలో మన్నన ఉంది. మన్నన అంటే ఆదరం, గౌరవం. పెద్దల మాట మన్నించడం, కవిని రాజు మన్నించడం, తప్పు మన్నించడం, అన్నిటికీ ఒకటే క్రియ. 'తప్పు చేశాను, అయినా మీ దగ్గర నా గౌరవం పోనివ్వకండి' అన్న ధ్వని అందులో ఉంది. తప్పు కాయడంలో ఉన్నది కాపు కాయడం, కాపాడటం. చేనుకి కాపలా కాసినట్టు, నా తప్పు నుంచి నన్ను మీరే కాపాడాలి. ఇక 'ఏమీ అనుకోకండి' అనేది మనవాళ్ళ చమత్కారం. జరిగింది జరిగింది, దాని గురించి మీరు ఆలోచించడం మానెయ్యండి అని!

నొప్పికి దగ్గర మాట మనకీ ఉంది: నొచ్చుకోవడం. అచ్చంగా సారీకి సాటి. కాని దాన్ని మనం ఎవరికి వాడతామో చూడండి. 'నేనన్న మాటకి మీరు నొచ్చుకున్నట్టున్నారు' అంటాం. నొచ్చుకునేది మాట పడ్డవాళ్ళు. ఇంగ్లీషులో దెబ్బ కొట్టినవాడు 'నాకు నొప్పిగా ఉంది' అంటాడు. తెలుగులో దెబ్బ తిన్నవాడికి నొప్పిగా ఉందని ఇద్దరూ అనుకుంటారు. కొట్టినవాడి నొప్పికి మన దగ్గర పశ్చాత్తాపం అని పెద్ద సంస్కృతం మాట ఉంది. తరవాత పుట్టే మంట అని అర్థం. అది పుస్తకాల్లో ఉంటుంది, చర్చి ప్రసంగాల్లో ఉంటుంది, వంటింట్లో ఉండదు. అత్తగారు కోడలితో 'నాకు పశ్చాత్తాపంగా ఉందమ్మా' అనడం ఎవరైనా విన్నారా?

నోటితో చెప్పనిది మనం ఒంటితో చెప్పేవాళ్ళం. దేవుడి ముందు చెంపలు వేసుకోవడం, పంతులుగారి ముందు గుంజీలు తియ్యడం, కాలు తగిలితే తాకి కళ్ళకద్దుకోవడం, కాళ్ళు పట్టుకోవడం. ఇవన్నీ ఏదో మేరకి తనకి తాను నొప్పి కలిగించుకోవడమో, తగ్గడమో. మాటలో లేని నొప్పిని ఒళ్ళు పూరించేది.

ఇలాంటి భాషలోకి సారీ వచ్చి చేరినప్పుడు ఒక చిన్న మార్పు జరిగింది. ఇంగ్లీషులో మనిషి సారీగా ఉంటాడు. తెలుగులో సారీ 'చెబుతాడు'. 'సారీ చెప్పు', 'సారీ చెప్పాడు', 'సారీ చెప్పించారు'. 'నేను సారీగా ఉన్నాను' అనే వాక్యం మనకి పొసగదు. మనిషి స్థితి కాస్తా చేతులు మారే వస్తువైంది. అందుకే 'సారీ చెప్పాను కదా, ఇంకేం చెయ్యమంటావ్?' అన్న వాక్యం మనకి ఇంత సహజంగా వస్తుంది. బాకీ తీర్చినవాడు రసీదు చూపించినట్టు.

భద్రమైన సారీ

నా నొప్పి చెప్పడం, నా తప్పు ఒప్పుకోవడం, ఈ రెండింటి మధ్య ఉన్న సందు మాటల పండితులకే పనికొచ్చే సంగతి అనుకోకండి. ఆ సందులో మనుషులు పడి నలిగిపోయారు.

అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రంలో 1970లలో ఒక శాసనసభ్యుడి కూతురు సైకిలు మీద పోతుండగా కారు గుద్ది చనిపోయింది. గుద్దిన మనిషి ఆ తండ్రికి ఒక్కసారి కూడా సారీ చెప్పలేదు. రాతిగుండె మనిషి గనక కాదట. సారీ అంటే తప్పు ఒప్పుకున్నట్టు కోర్టులో సాక్ష్యం అవుతుందన్న భయం చేత. 1986లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది. ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్ళకి గానీ వాళ్ళ కుటుంబానికి గానీ సానుభూతి చెబుతూ అన్న మాటల్ని సివిల్ దావాలో బాధ్యతకి సాక్ష్యంగా వాడకూడదని. తరవాత అమెరికాలో చాలా రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. కెనడాలో బ్రిటిష్ కొలంబియా 2006లో ఇంకో అడుగు ముందుకేసి, నోరారా తప్పు ఒప్పుకుంటూ చెప్పిన క్షమాపణకి కూడా ఆ రక్షణ ఇచ్చింది.

దీన్ని రెండు రకాలుగా చూడచ్చు. ఏ నష్టమూ లేదని హామీ దొరికాక చెప్పే సారీకి విలువేముంది? బీమా చేయించుకుని చేసే సాహసం లాంటిదే కదా అనచ్చు. ఇంకోవైపు, ఆ తండ్రికి కావలసింది బహుశా డబ్బూ కాదు, శిక్షా కాదు. తన కూతురి చావు ఇంకో మనిషికి కూడా నొప్పి కలిగించిందన్న ఒక్క కబురు. ఆ కబురుని భయం ఆపేస్తే, భయాన్ని తొలగించడం తప్పెలా అవుతుంది? నేను రెండోవైపే మొగ్గుతాను. కాకపోతే ఆ చట్టం ఇచ్చింది మొదటి అర్థంలోని సారీని మాత్రమే: నొప్పి కబురుని. తప్పు లెక్క తేలడం వేరే పని. ఒకటి చేసి రెండోది కూడా చేశామనుకుంటేనే చిక్కు.

ప్రభుత్వాలకి ఈ సందు బాగా తెలుసు. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో జరిగిన కాల్పుల్లో అధికార లెక్క ప్రకారమే 379 మంది చచ్చిపోయారు. 2013లో బ్రిటిష్ ప్రధాని కామెరాన్ అమృత్‌సర్ వచ్చి, అది ఎంతో సిగ్గుపడవలసిన ఘటన అని సందర్శకుల పుస్తకంలో రాశాడు. వందేళ్ళు నిండబోతుండగా, 2019 ఏప్రిల్ 10న ప్రధాని థెరెసా మే పార్లమెంటులో తీవ్ర విచారం ప్రకటించింది. సిగ్గు ఉంది, విచారం ఉంది. ప్రభుత్వం తరఫున క్షమాపణ మాత్రం లేదు. ఆ ఏడు సెప్టెంబరులో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ వెల్బీ అక్కడికి వచ్చి, తాను ప్రభుత్వం తరఫున మాట్లాడలేనని చెప్పి, స్మారకం ముందు నేలమీద సాష్టాంగపడ్డాడు. మాట చెప్పగల అధికారం ఉన్నవాళ్ళు మాట చెప్పలేదు. అధికారం లేనివాడు ఒంటితో చెప్పాడు. మన చెంపలు వేసుకోవడం గుర్తొచ్చింది నాకు.

ఆస్ట్రేలియా కథ ఇంకా విలువైనది. అక్కడి ఆదిమవాసుల పిల్లల్ని కుటుంబాల నుంచి బలవంతంగా విడదీసి పెంచే విధానం కొన్ని దశాబ్దాలపాటు నడిచింది. 1997లో దానిమీద విచారణ నివేదిక వచ్చింది. మరుసటేడు నుంచి మే 26ని 'సారీ డే'గా పాటించడం మొదలుపెట్టారు. జనం 'సారీ బుక్స్' అని పుస్తకాలు పెట్టి సంతకాలు చేశారు. 2000 మే నెలలో లక్షల మంది సిడ్నీ హార్బర్ వంతెన మీద నడుస్తుంటే ఆకాశంలో విమానం పొగతో ఆ ఒక్క మాటే రాసింది. ప్రధాని హోవార్డ్ మాత్రం విచారం ప్రకటించి ఊరుకున్నాడు, ఆ మాట అనలేదు. ఈ తరం చెయ్యని తప్పుకి ఈ తరం క్షమాపణ చెప్పడమేమిటని ఆయన వాదన. చివరికి 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో చెప్పాడు.

హోవార్డ్ వాదనలో ఉన్న లోపం మాట పుట్టుకలోనే దొరుకుతుంది. అక్కడి ఆదిమవాసులు మాట్లాడే ఇంగ్లీషులో 'సారీ బిజినెస్' అని ఒక మాట ఉంది. ఎవరైనా చనిపోతే బంధువులంతా చేరి రోజుల తరబడి జరుపుకునే శోకకార్యాన్ని అలా అంటారు. అక్కడికి వెళ్ళినవాడు తను చంపానని ఒప్పుకోవడానికి వెళ్ళడు. ఆ నొప్పి తనకీ చెందుతుందని చెప్పడానికి వెళతాడు. ఇంగ్లండు మర్చిపోయిన పాత అర్థం ఆ జనం నోట్లో బతికే ఉంది. తమ పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు ఆ మాట అడిగినప్పుడు, 'మా తప్పు కాదు' అనడం జవాబు కాదు. శోకానికి రమ్మని పిలిస్తే, నేను చంపలేదు గనక రానన్నట్టు ఉంటుంది. ప్రభుత్వం మనిషి లాంటిది కూడా కాదు. తాతల నాటి ఖజానా, తాతల నాటి భూమి వారసత్వంగా తీసుకున్న సంస్థ ఆ నాటి నొప్పిని మాత్రం వద్దనడం కుదరదు.

మన రాజకీయ నాయకులు ఈ విద్యలో ఎవరికీ తీసిపోరు. 'నా మాటల వల్ల ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే' అని మొదలయ్యే వాక్యం మనకి కొత్త కాదు. అందులో ప్రాణమంతా ఆ 'ఉంటే'లో ఉంది. దెబ్బ కొట్టానో లేదో నేను చెప్పను, తగిలిందో లేదో మీరే చూసుకోండి అని.

అడగడంలో ఉన్న బరువు

అయితే సారీ కంటే మన 'క్షమించండి' మేలని తేల్చెయ్యచ్చా? సారీ తన గురించి తను చెప్పుకుంటుంది. క్షమించండి అనేది నిర్ణయం ఎదుటివాళ్ళ చేతిలో పెడుతుంది. వినడానికి ఇదే వినయంగా ఉంది. కాని ఆ నిర్ణయం బరువు కూడా వాళ్ళ నెత్తినే పడుతుంది కదా. దెబ్బ తిన్నదీ వాళ్ళే, ఇప్పుడు ఉదారంగా ఉండవలసిందీ వాళ్ళే. 'పాపం కాళ్ళ మీద పడ్డాడమ్మా, ఇంకా పంతమేమిటి?' అని చుట్టుపక్కలవాళ్ళు పీడించేది దెబ్బ తిన్నవాళ్ళనే.

సైమన్ వీజెంతాల్ 'సన్‌ఫ్లవర్' అనే పుస్తకంలో చెప్పిన సంఘటన ఇది. ఆయన నాజీల నిర్బంధంలో ఉన్న యూదు ఖైదీ. ఒకరోజు ఆసుపత్రిలో చావు బతుకుల్లో ఉన్న ఒక నాజీ సైనికుడి మంచం దగ్గరికి ఆయన్ని తీసుకెళతారు. ఆ సైనికుడు తాను యూదుల్ని ఒక ఇంట్లో కుక్కి తగలబెట్టడంలో పాలుపంచుకున్నానని చెప్పి, ఒక యూదు నోటి నుంచి క్షమించానన్న మాట వినాలని వేడుకుంటాడు. వీజెంతాల్ ఏమీ మాట్లాడకుండా గదిలోంచి వెళ్ళిపోతాడు. తను చేసింది ఒప్పేనా అని తరవాత ఎందరో ఆలోచనాపరులని అడిగి, వాళ్ళ జవాబుల్ని ఆ పుస్తకంలోనే చేర్చాడు. ఆ సైనికుడి పశ్చాత్తాపం నిజమే కావచ్చు. కాని అతను అడుగుతున్నది క్షమించే హక్కు లేని మనిషిని. ఆ హక్కున్నవాళ్ళు ఆ ఇంట్లోనే కాలిపోయారు.

ఈ సూక్ష్మం మనకి తెలియనిది కాదు. తిరుపతి కథ మొదలయ్యేదే దీంతో. భృగు మహర్షి వైకుంఠానికి వచ్చి విష్ణుమూర్తి రొమ్ము మీద తన్నాడు. ఆయన లేచి, 'నా కఠినమైన రొమ్ము తగిలి మీ పాదం నొచ్చిందేమో' అని కాలు పట్టాడు. ఇంగ్లండులో మనం వెళ్ళి గుద్దినా వాళ్ళే సారీ అంటారని చెప్పుకుంటారే, ఆ మర్యాదకి విష్ణుమూర్తే ఆద్యుడు. కథ అక్కడితో అయిపోతే క్షమాగుణానికి నీతికథ అయ్యేది. కాని ఆ రొమ్ము మీద లక్ష్మీదేవి ఉంది. తన్ను ఆవిడకీ తగిలింది. ఆవిణ్ణి అడిగినవాళ్ళు లేరు. భర్త క్షమించేశాడు. ఆవిడ అలిగి కొల్హాపురం వెళ్ళిపోయింది. ఇంకొకరికి తగిలిన దెబ్బని మనం క్షమించడం ఉదారం కాదు, వాళ్ళకి రెండో దెబ్బ. ఊరి పెద్దలు కూర్చుని ఆడపిల్ల తరఫున రాజీ చేసేసే పంచాయితీల్లో జరుగుతున్నది ఇదే.

దీనికి ఎదురుగా ద్రౌపదిని నిలబెట్టి చూడండి. పోతన భాగవతం మొదటి స్కంధంలోనే వస్తుంది ఈ కథ. నిద్రపోతున్న ఐదుగురు కొడుకుల్ని చంపిన అశ్వత్థామని అర్జునుడు కట్టి తెచ్చి ఆవిడ ముందు నిలబెడతాడు. అశ్వత్థామ క్షమాపణ అడగడు. తల దించుకుని ఉంటాడంతే. భీముడు చంపెయ్యమంటాడు. వదిలెయ్యమని ద్రౌపది అంటుంది. నేను ఏడుస్తున్నట్టు ఇంకో తల్లి, వీడి తల్లి కృపి ఏడవకూడదని. ఇక్కడ సారీ చెప్పాల్సినవాడు చెప్పలేదు. అయినా ఆ మాట మూలార్థం ఆ ఘట్టంలో పూర్తిగా ఉంది. తన నొప్పి తనలోనే ఆగిపోకుండా ఇంకో మనిషి నొప్పిని పోల్చుకుంది. అలాగని దెబ్బ తిన్న తల్లులందరినీ ద్రౌపదులు కమ్మని అడిగే హక్కు మనకి లేదు. ఆవిడ గొప్పదనమంతా ఎవరూ అడక్కపోవడంలోనే ఉంది.

పైనుంచి కిందికి

మరి మన సారీ సంగతి? డొల్ల మాటని తెచ్చుకుని మంచి మాటలు పోగొట్టుకున్నామా? నాకలా అనిపించదు.

మన పాత మాటలన్నిటికీ ఒక వాలు ఉంది. అవి కింది నుంచి పైకే పోతాయి. భక్తుడు దేవుణ్ణి క్షమించమంటాడు. శిష్యుడు గురువుని, బంట్రోతు దొరని, కోడలు అత్తగారిని. తెలంగాణలో దొరల గడీల ముందు 'నీ బాంచెన్, కాల్మొక్త' అన్న మాట దండానికీ, మొరకీ, తప్పు కాయమనడానికీ ఒకటే. బాంచెన్ అంటే బానిసనని. ఏ తప్పూ చెయ్యనివాడు కూడా పుట్టినందుకే క్షమాపణ చెప్పుకున్నట్టుండే మాట అది. ఆ గడీలోంచి కిందికి ఏ మాటా వచ్చేది కాదు. వచ్చే వీలున్న మాటే లేదు. దొర జీతగాణ్ణి 'మన్నించు' అంటే అది నాటకం డైలాగులా ఉంటుంది. తండ్రి పదేళ్ళ కూతుర్ని 'క్షమించమ్మా' అంటే ఆ పిల్ల భయపడుతుంది.

పెద్దవాళ్ళకి తప్పు తెలియక కాదు. పొద్దున అకారణంగా కొట్టిన నాన్న సాయంత్రం జిలేబీ పొట్లం తెచ్చి గూట్లో పెట్టేవాడు. నోరు జారిన నానమ్మ 'అన్నం తిన్నావురా?' అని రెండోసారి అడిగేది. అర్థమైనవాళ్ళకి అది చాలా పెద్ద క్షమాపణే. అర్థం చేసుకునే బాధ్యత మాత్రం చిన్నవాళ్ళది.

సారీకి ఆ వాలు లేదు. పరాయి మాట గనక, ఎత్తుపల్లాలు తెలియని మాట గనక, తేలిక మాట గనక, పైనుంచి కిందికి కూడా దొర్లుకుంటూ రాగలదు. 'సారీ రా కన్నా' అని తండ్రి అనగలుగుతున్నాడు. భర్త భార్యతో అనగలుగుతున్నాడు. బోర్డు మీద లెక్క తప్పు చేసిన మాస్టారు, తప్పు చూపించిన పిల్లాడితో 'సారీ' అని తుడిచి మళ్ళీ రాస్తున్నాడు. 'క్షమించు' అనాల్సి వస్తే వీళ్ళలో సగం మంది నోరు విప్పరు. ఆ తేలికదనం వల్లనే తలుపు తెరుచుకుంది. ఇంట్లో పనిచేసే మనిషికి సారీ చెప్పే ఇళ్ళు ఇప్పటికీ తక్కువే. అక్కడింకా పాత వాలే నడుస్తోంది. అయినా మాట ఉంది కాబట్టి, అనకపోవడం ఇప్పుడు కనిపిస్తుంది. మాటే లేనప్పుడు ఆ లోటు కూడా కనిపించేది కాదు.

తలుపు తెరుచుకున్నాక లోపలికి రావాలి కదా. 'సారీ చెప్పాను కదా' అనే రసీదు దగ్గరే ఆగిపోతే మాత్రం పచ్చీసు ఆటలో కాయని కొట్టి అరిచే సారీకీ దీనికీ తేడా లేదు. మూలంలో ఆ మాటకున్న షరతు ఒక్కటే: నొప్పి నాకూ తెలిసి ఉండాలి. ఎదుటివాడికి ఎక్కడ తగిలిందో తెలియనివాడికి ఆ నొప్పి ఎలా తెలుస్తుంది?

పిల్లలు కొట్టుకుంటే మనం చేసే మొదటి పని, కొట్టినవాడి చెయ్యి పట్టుకుని 'సారీ చెప్పు' అనడం. వాడు గోడవైపు చూస్తూ సారీ అనేసి ఆటకి పరిగెడతాడు. దెబ్బ తిన్నవాడికి 'సారీ చెప్పాడుగా, ఇంక ఊరుకో' అని చెబుతాం. ఇద్దరికీ ఒకేసారి తప్పుడు పాఠం చెప్పడం పూర్తవుతుంది. దానికి బదులు కొట్టినవాణ్ణి రెండోవాడి ఎదురుగా కూర్చోబెట్టి, 'ఎక్కడ తగిలింది?' అని అడగమనచ్చు. వాడు చూపిస్తాడు. వీడు చూస్తాడు. సారీ ఆ తరవాత చెప్పినా ఆలస్యమేం కాదు.